దోర్నకల్ దారి పట్టిన ధైర్యం

1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య మద్రాసు వదిలి దోర్నకల్ చేరేనాటికి ఆయనకు దాదాపు 35 ఏళ్ళు. పుట్టింది తిరునెల్వేలి సీమలో, ఒక పల్లె గురువు ఇంట్లో. మాతృభాష తమిళం. 1895 నుంచి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగి మంచి పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఓ చిన్న ఊరు. అక్కడ పనిచెయ్యాలంటే తెలుగు నేర్చుకోవాలి, పట్నంలో సంపాదించుకున్న పలుకుబడిని పక్కన పెట్టాలి, గూడేల వెంట తిరగాలి. మూడేళ్ళ తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనకు ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం జరిగింది. చరిత్ర పుస్తకాలు ఈ తేదీనే పెద్దది చేసి చెబుతాయి. ధైర్యం గురించి తెలుసుకోవాలంటే మాత్రం 1909 దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. అప్పటికి బిషప్ పదవి ఖాయమేమీ కాదు. కళ్ళముందు ఉన్నది రాని భాష, తెలియని ఊరు, అంతే.

విశ్వాసం ధైర్యాన్నిస్తుందని మన సంఘాల్లో తరచూ వింటాం. దేవుడు నాతో ఉన్నాడు కాబట్టి తప్పక నెగ్గుతాను అన్నది ఆ మాటకు ఎక్కువమంది చెప్పుకునే అర్థం. వీసా ఇంటర్వ్యూ ముందు, ఉద్యోగ పరీక్ష ముందు చేసే ప్రార్థనల్లో వినిపించేది ఇదే. బిడ్డ తండ్రిని అడిగినట్టు దేవుణ్ణి అడగడంలో తప్పేమీ లేదు. అయితే బైబిలు మనుషుల్ని చూస్తే ధైర్యానికి వేరే రూపం కనిపిస్తుంది. ఫరో దగ్గరికి వెళ్ళమంటే మోషే వరసగా సాకులు చెబుతాడు: నేనెంతటివాణ్ణి, వాళ్ళు నమ్మరు, నాకు మాట రాదు, ఇంకెవరినైనా పంపు. దేవుడు అతని నోటిమాంద్యాన్ని తీసెయ్యలేదు. అన్న అహరోనును తోడు ఇచ్చాడు. పౌలు ఆసియాలో బోధించబోతే అడ్డు తగిలింది, బితూనియకు పోబోతే మళ్ళీ అడ్డు తగిలింది. త్రోయలో రాత్రివేళ దర్శనం వచ్చాకే మాసిదోనియకు ఓడెక్కాడు. అంత స్పష్టమైన పిలుపు అందుకుని వెళ్తే ఫిలిప్పీలో దొరికింది బెత్తపు దెబ్బలు, చెరసాల. తరువాత కొరింథు వాళ్ళకు ఉత్తరం రాస్తూ, మీ దగ్గరికి వచ్చినప్పుడు భయంతో వణుకుతూనే వచ్చానని చెప్పుకున్నాడు కూడా. వీళ్ళెవరికీ ముందుగా భయం పోలేదు, గెలుపు హామీ పత్రం అందలేదు. ఓడిపోయినా తాము ఎవరివాళ్ళో ఆ సంగతి మారదన్న నిశ్చింత మాత్రం ఉంది. క్రైస్తవ విశ్వాసం మనిషికిచ్చే ధైర్యం ఇదేనని నా నమ్మకం. కొత్త అవకాశం ముందు మనల్ని బిగదీసేది చాలాసార్లు ఆ పని కష్టం కాదు, నలుగురిలో తలవంపులైతే ఎలా అన్న బెంగ. విశ్వాసం తాకేది ఆ బెంగనే.

దీనికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అజరయ్య ఒంటరిగా వచ్చారా? మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అండ ఉంది, వెనక ఒక సంస్థ ఉంది, అందులో ధైర్యమేముంది? ఉన్న మాటే. 1902లో ఆయన జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత మిషనరీలను పంపుకోవడం చూశారు. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని పద్ధతి. దోర్నకల్ పనిని పోషించింది తిరునెల్వేలి పల్లెల కానుకలు. అంటే ఆయన ధైర్యంలో తాము ఎన్నడూ చూడని తెలుగు ఊరి కోసం చేతిలోది తీసి ఇచ్చిన అనేకమంది వాటా ఉంది. ఇది ఆయన గొప్పతనాన్ని తగ్గించదు. క్రైస్తవ సంప్రదాయం ఒంటరి వీరుణ్ణి ఏనాడూ ఆదర్శంగా పెట్టలేదు. యేసు శిష్యుల్ని పంపింది కూడా ఇద్దరిద్దరిగానే. భార్య అన్బు తోడు లేకుండా దోర్నకల్ పనిని ఊహించలేం. పైగా అండ ఉన్నంత మాత్రాన ఖర్చు తప్పలేదు. ఒక భారతీయుడి అధికారం కింద ఐరోపా మిషనరీలు ఎలా పనిచేస్తారని ఆయన నియామకానికి ముందు చాలామంది అభ్యంతరపెట్టారు. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభకు వచ్చిన సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్ళు ఇరవైమంది కూడా లేరు. ఆ సభలో నిలబడి, మీరు మా కోసం త్యాగాలు చేశారు, మాతో స్నేహం మాత్రం చెయ్యలేదన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడితే కొందరు నొచ్చుకున్నారు. ఏడాది ముందు తన హోదాను మద్రాసులో వదిలి వచ్చిన మనిషికి ఆ సభలో పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలి లేదు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. చదువూ పలుకుబడీ ఉన్నవాళ్ళకు విశ్వాసం ధైర్యమిస్తుంది సరే, ఏమీ లేనివాళ్ళ సంగతేమిటి? వాళ్ళు కూటి కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. ఒంగోలు చరిత్ర చూద్దాం. ధాత కరువు రోజుల్లో, 1876–78 మధ్య, అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని, కూలి ఇచ్చారు. అంబలి ఆశతో చేరారన్న మాట రాకూడదని ఆ కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం పని ముగిశాక, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి ఒక కారణమే కాదని నేననను. బడి, చదువు, మనిషిగా పిలిపించుకోవడం కూడా వాళ్ళు కోరుకున్నారు, అందులో సిగ్గుపడాల్సిందేముంది? అయితే వాళ్ళు చెల్లించిందీ లెక్కలోకి రావాలి. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన పశువుల మాంసం తినం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టం అన్నవాళ్ళ మీద ఊరి పెద్దలు కక్షగట్టారు. పని పోయింది, దెబ్బలు పడ్డాయి, దొంగకేసులు వచ్చాయి. తరతరాలుగా ఊరు గీసిన గీత దాటి, వెనక్కి వెళ్ళే దారి లేకుండా ముందుకు నడిచారు. అజరయ్య ధైర్యం కన్నా ఇది పెద్దదని నా అభిప్రాయం. ఆయనకు దోర్నకల్ కుదరకపోతే మద్రాసు ఉంది. వీళ్ళకు వేరే ఊరు లేదు.

దేవుడు పిలిచాడని చెప్పి మొండితనానికి పోయినవాళ్ళు, ఇల్లూ వాకిలీ అమ్ముకున్నవాళ్ళు, ఇతరుల చేత అమ్మించినవాళ్ళు లేరా? ఉన్నారు, దాన్ని దాచడం విశ్వాసానికే ద్రోహం. పిలుపు నిజమా కాదా తేల్చే యంత్రమేదీ లేదు. కానీ అజరయ్య విషయంలో ఒకటి గమనించవచ్చు. ఆ అవకాశం ఆయన్ని పెద్ద చోటు నుంచి చిన్న చోటికి తెచ్చింది, ఆయనకు తెలియని భాషలో ఇతరుల మాట వినేలా చేసింది. మనిషి సొంత ప్రతిష్ఠను మాత్రమే పెంచే పిలుపును, సంఘంలో ఎవరి సలహానూ సహించని పిలుపును అనుమానించడం అవిశ్వాసం కాదు, వివేకం. ఇక దేవుణ్ణి నమ్మనివాళ్ళకు ధైర్యం ఉండదా అంటే, నిక్షేపంగా ఉంటుంది. ధైర్యం క్రైస్తవుల సొత్తని ఏ సువార్తా చెప్పలేదు.

ధైర్యాన్ని వ్యక్తుల గుణంగా మాత్రమే చూడటం వల్ల మరో సంగతి మరుగున పడుతోంది. అవకాశం అందుకునేవాళ్ళకే కాదు, ఇచ్చేవాళ్ళకూ ధైర్యం కావాలి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆంగ్లికన్ సంఘంలో సొంత అధ్యక్ష మండలం ఉన్న భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. 32 ఏళ్ళలో రెండోవాడు తగినవాడు దొరకలేదంటే నమ్మశక్యం కాదు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత వల్ల 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1976లో స్త్రీలకు గురుత్వం ఇచ్చింది. తొలి మహిళా బిషప్‌గా ఈ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి వచ్చింది 2013లో. తెలుగు నేల మీద జరిగిన ఈ పనికి సంతోషించాలి, మధ్యలో గడిచిన 37 ఏళ్ళ గురించి అడగాలి కూడా. ఈ రోజుకీ చాలా పల్లె సంఘాల్లో బైబిలు ఉమెన్ గడప గడపకూ తిరిగి సంఘాన్ని నిలబెడుతుంటే, పాస్టరేట్ కమిటీలో నిర్ణయాలు మాత్రం మగవాళ్ళు చేస్తున్నారు. ధైర్యం గురించి ప్రసంగం వినబోయే ఆ స్త్రీని ఈసారి కమిటీలోకి తీసుకుని, ఆదివారం ప్రసంగం కూడా ఆమెనే చెయ్యమంటే బాగుంటుంది.