ప్రేగులలోని మిత్రులు – మజ్జిగ మేలు

మిరప కోతల కాలంలో దాచేపల్లి ప్రాంతపు ఇళ్లలో చద్దన్నం, మజ్జిగ పొద్దుటి ఆహారం. ఈ పాత అలవాటు వెనుక గొప్ప ఆరోగ్య సూత్రం ఉంది.

మన ప్రేగులలో లక్షల కోట్ల బ్యాక్టీరియా నివసిస్తున్నాయి. ఇవి పీచుపదార్థాన్ని పులియబెట్టి ప్రేగు గోడలను పోషిస్తాయి, ‘కె’ విటమిన్‌ను, కొంత ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి, రోగక్రిములకు చోటివ్వవు.

1895లో భీమవరంలో జన్మించిన డా. యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు ‘స్ప్రూ’ అనే ప్రేగుల వ్యాధికి బలయ్యారు. అదే వ్యాధి తనకూ సోకగా, ఆయుర్వేద వైద్యులు డా. ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన కోలుకున్నారు. తరువాత అమెరికాలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి అందించింది. నేటికీ స్ప్రూ చికిత్సకు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ కోవకే చెందిన టెట్రాసైక్లిన్ వాడుతున్నారు.

యాంటిబయాటిక్ ప్రాణదాతే, కాని శత్రువుతోపాటు మిత్రులనూ చంపుతుంది. కనుక జలుబుకు సొంతంగా వాడరాదు. వైద్యుడు రాస్తే చెప్పినన్ని రోజులు వాడాలి.

గ్రహణి రోగికి తక్రం హితమని చరకసంహిత చెబుతోంది. రోజూ భోజనంలో పలుచని మజ్జిగ, ఆకుకూర, పప్పు ఉండనివ్వండి. కారం మితంగా వాడండి. విరేచనాలు పట్టుకుంటే మాత్రం మజ్జిగతో కాలయాపన చేయక, వెంటనే ఓ.ఆర్.ఎస్. త్రాగిస్తూ వైద్యుని సంప్రదించండి.