అక్షరం రాకున్నా మూడు భాషలు

తనకల్లులో చదువు రాని మనిషి మూడు భాషల్లో బేరమాడితే ఎవరూ వింతగా చూడరు. కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మీది ఈ ఊరికి కర్ణాటక సరిహద్దు దగ్గరే. వాన మొహం చాటేసి చెనిక్కాయ ఎండిపోతే బెంగుళూరుకు బేల్దారి పనికి పోక తప్పదు. అక్కడ మేస్త్రీతో కన్నడం, ఇంట్లో తెలుగు, ఊళ్లో ముస్లిం ఇరుగుపొరుగుతో ఉర్దూ. దీన్నొక చదువుగా ఎవరూ లెక్కగట్టరు. మెదడు మాత్రం లెక్కగడుతుందేమోనని శాస్త్రవేత్తలకు అనుమానం వచ్చింది.

2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది మతిమరుపు రోగుల వివరాలు పరిశీలించింది. రెండు భాషలవాళ్లలో డిమెన్షియా లక్షణాలు సుమారు 4 ఏళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. వెంటనే ఓ అభ్యంతరం లేచింది: అక్కడ రెండు భాషలవాళ్లంటే చాలావరకు వలస వచ్చినవాళ్లే. మేలు చేసింది భాషా, వలసా, చదువా?

ఈ చిక్కుముడి హైదరాబాద్‌లో కొంత వీడింది. అప్పట్లో నిమ్స్ ఆసుపత్రి న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడితో ఉస్మానియా భాషాశాస్త్రవేత్త వసంత దుగ్గిరాల, మెదడు పనితీరును కంప్యూటర్ నమూనాల్లో అధ్యయనం చేసే సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరా నుంచి థామస్ బాక్ చేతులు కలిపారు. ఏ ఒక్క శాస్త్రం వల్లా తేలే ప్రశ్న కాదిది. జబ్బును గుర్తించేది వైద్యుడైతే, ఎంత మాట్లాడితే భాష వచ్చినట్టన్నది భాషావేత్త తేల్చాల్సిన సంగతి.

2013లో ఫలితాలు వచ్చాయి. 648 మంది డిమెన్షియా రోగుల్లో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్లకన్నా వాళ్లలో జబ్బు 4.5 ఏళ్లు ఆలస్యమైంది. వీళ్లు వలస వచ్చినవాళ్లు కారు. తెలుగు, ఉర్దూ, హిందీ వీధుల్లో కలిసి పారే నగరం అది. నిరక్షరాస్యుల్లో తేడా ఇంకా ఎక్కువ, దాదాపు 6 ఏళ్లు. అంటే బడి మెట్లెక్కని వాళ్లలోనూ ఈ తేడా ఉంది. అయితే మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనబడలేదు. తనకల్లు వాళ్లకు ఇది కాస్త నిరాశే.

కారణమేమిటి? ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోది నిద్రపోదని మనస్తత్వ శాస్త్ర ప్రయోగాలు చూపాయి. రెండూ మేలుకునే ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని అణచిపెట్టడం మెదడు ముందుభాగానికి క్షణక్షణం సాధన. దశాబ్దాల సాధనతో మెదడుకు నిల్వ బలం చేకూరుతుందని ఊహ. చెరువు నిండిన ఊరికీ కరువు వస్తుంది, కాకపోతే ఆలస్యంగా తెలుస్తుంది. జబ్బు సంగతీ అంతే: ఆగదు, బయటపడటమే ఆలస్యం.

2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. ఆ తర్వాత ఆలోచనా శక్తి చెక్కుచెదరనివాళ్లు బహుభాషుల్లో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా లేదు. కాబట్టి పదును తేలింది నాలుక కాదు, ధ్యాస కావచ్చు.

ఇంతటితో కథ తేలిపోలేదు. ఇవన్నీ ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు; జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పిన జ్ఞాపకమే ఆధారం. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలను 2017లో లండన్ పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే రక్షణ కనిపించలేదు. నిజమే, కానీ వాటిలో ఎక్కువ అమెరికా, కెనడాల్లో జరిగినవి. మళ్లీ ఆ వలస చిక్కే!

అసలు పరీక్ష జరగాల్సింది తనకల్లు లాంటి సరిహద్దు మండలాల్లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలతో, చదవడం రాయడంతో పనిలేని ప్రశ్నలతో. ఈలోగా పాఠకులకు ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లు తెలిసిన దారి తప్పుతున్నా, మనవళ్ల పేర్లు మరుస్తున్నా వయసు మీద తోసేయకండి. న్యూరాలజిస్టుకు చూపించండి, వాళ్లు ఏ భాషలు, ఎక్కడ, ఎవరితో మాట్లాడేవాళ్లో కూడా చెప్పండి.