పసుపు పూల నీటి ఐరిస్

ఐరోపా, పశ్చిమాసియా, వాయవ్య ఆఫ్రికా చిత్తడి నేలలు ఐరిస్ సూడాకోరస్ జన్మస్థానం. ఇరిడేసి కుటుంబానికి చెందిన ఈ బహువార్షిక మొక్క సుమారు 1 నుండి 1.5 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కత్తి ఆకారపు ఆకులు వస ఆకులను పోలి ఉంటాయి. 1753లో లిన్నేయస్ ప్రకటించిన జాతి నామానికి ‘మిథ్యా వస’ అని అర్థం. నలిపినప్పుడు వస ఆకు పరిమళిస్తుంది, ఐరిస్ ఆకుకు ఆ గుణం లేదు. పూతలో గుర్తింపు మరింత సులభం: వెలుపలి మూడు పరిపత్రాలు క్రిందికి వంగి, గోధుమ రంగు చారలు కలిగి ఉంటాయి.

మురుగునీటి శుద్ధికై నిర్మించే కృత్రిమ చిత్తడి నేలల్లో దీనిని నాటుతారు. అయితే అలంకరణకై ఉత్తర అమెరికా చేరిన ఈ మొక్క తోటలు దాటి, వాగుల వెంట స్థానిక మొక్కలను అణచివేసింది. నీటిపై తేలే విత్తనాలు, తెగిన కొమ్ము ముక్కలు ఈ వ్యాప్తికి కారణం. పశువులకు ఇది విషపూరితం కూడా. కావున నిర్మూలనకు పూలు కోస్తే చాలదు. కాయలు పగలక ముందే కొమ్ములను ముక్క మిగలకుండా త్రవ్వి తీయాలి.