సముద్రం చూపించేముందు ఉప్పెన సంగతి చెప్పాలి
దివిసీమలో ఒక్కరోజు విహారయాత్ర

అవనిగడ్డ: డిసెంబరు నెల వచ్చిందంటే పల్లెటూరి హైస్కూళ్ళలో ఎక్స్‌కర్షన్ మాట వినిపిస్తుంది. వెళ్ళే చోటు మాత్రం ఏటా ఒకటే. అయితే హైదరాబాదు, లేకపోతే విశాఖపట్నం. రెండు రాత్రుల ప్రయాణం, బస్సు కిరాయి, బయటి భోజనాలు. కూలి డబ్బుతో ఇల్లు గడిచేవారు పిల్లవాడికి ఏదో సర్దిచెప్పి ఇంటి దగ్గరే ఉంచుకుంటారు. తిరిగి వచ్చినవాళ్ళు నెల రోజులు ఆ ముచ్చట్లే చెప్పుకుంటుంటే మిగిలిపోయినవాళ్ళు తల వంచుకు కూర్చుంటారు.

పామర్రు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉపాధ్యాయులు దీనికి వేరే దారి చూశారు. పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేటట్టు, తరగతిలో ఒక్కరు కూడా మిగిలిపోకుండా పిల్లలను దివిసీమకు తీసుకువెళ్ళారు. మధ్యాహ్నానికి పులిహోర పొట్లాలు ఇళ్ళ దగ్గరే కట్టించారు. డబ్బు ఇవ్వలేని పిల్లల వంతు ఎవరు కట్టారో పిల్లలకు తెలియనివ్వలేదు. సముద్రం రెండు గంటల దూరంలోనే ఉన్నా, ఆ బస్సులో సగం మంది దాన్ని అంతవరకు చూడలేదంటే ఆశ్చర్యపోనవసరం లేదు. పని లేనిదే సముద్రం దాకా ఎవరు పోతారు?

దారి పొడుగునా చరిత్రే

పామర్రు దాటితే కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరు తెలియని పిల్లలు లేరు గనుక అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. ఆ పక్కనే క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి మువ్వ, జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు. ఇంత పేరున్న ఊళ్ళు పక్కపక్కనే ఉండి కూడా మన బడి పిల్లలకు పుస్తకంలో అచ్చయిన పేర్లుగానే మిగిలిపోతున్నాయి.

ఘంటసాలలో మాత్రం చాలాసేపు గడిపారు. రెండో శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు ‘కంటకోస్సిల’ అని రాసిన రేవు పట్టణం ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది, మ్యూజియం ఉంది. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్ నగరంలోని గిమే మ్యూజియం వరకు వెళ్ళాయి. చుట్టూ వరిచేలున్న ఊరికి ఓడలెలా వచ్చేవని పిల్లలు అడిగారు. కృష్ణమ్మ ఏటా తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో భూమి పెరిగి సముద్రం వెనక్కి జరిగిందని, మన పొలాలన్నీ అలా నది ఇచ్చినవేనని మాస్టారు చెప్పారు. రైతుల పిల్లలకు ఆ మాట బాగా ఎక్కింది.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకుని పొట్లాలు విప్పారు. అక్కడికి దగ్గరలోనే పులిగడ్డ. కృష్ణ రెండు పాయలుగా చీలేది ఇక్కడే. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న లంకే దివిసీమ. కింద నది పారుతుంటే దాని మీదుగా కాలవ నీళ్ళు దాటించే అక్విడక్టు చూసి పిల్లలు దిగి రానన్నారు. వ్యవసాయం తెలిసిన పిల్లలకు శిల్పాలకంటే ఇదే వింత.

స్థూపం దగ్గర

పులిగడ్డలోనే 1977 ఉప్పెన మృతుల స్మారక స్థూపం ఉంది. యాత్ర బస్సులు సాధారణంగా ఇక్కడ ఆగవు. డ్రైవరు చెయ్యి చూపిస్తాడు, పిల్లలు కిటికీలోంచి చూస్తారు, అంతే. ఈ బస్సు ఆగింది.

1977 నవంబరు 19, శనివారం. తుపాను తీరం దాటేసరికి సముద్రం తాటిచెట్టు ఎత్తున లేచి దివిసీమ మీద పడిందని ఆనాటివాళ్ళు చెబుతారు. లెక్కల ప్రకారం అల ఎత్తు 5, 6 మీటర్లు. చనిపోయినవారు సర్కారు లెక్కల్లోనే సుమారు పది వేల మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్లనూ తుమ్మ కంపనూ పట్టుకున్న కొందరు బతికి బయటపడ్డారు. ఇప్పటి పిల్లల తాతలు, అమ్మమ్మలు ఆనాడు పిల్లలు. తమ ఇంట్లో కూడా ఒకరు పోయారని ఒక అమ్మాయి నెమ్మదిగా చెప్పేసరికి మిగతావాళ్ళ అల్లరి ఆగిపోయింది.

అప్పుడొక పిల్లవాడు మంచి ప్రశ్న వేశాడు. తుపాను చీరాల దగ్గర తీరం దాటిందని పుస్తకంలో ఉంది గదా, మరి నీళ్ళు ఇక్కడెందుకు పడ్డాయని. సైన్సు మాస్టారు నేల మీద పుల్లతో గీసి చూపించారు. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను ఉత్తరంగా వచ్చి తీరం దాటితే, దానికి కుడి చేతి వైపు గాలి సముద్రం మీదనుంచి భూమి మీదికి తోస్తుంది. ఎడమ వైపు భూమి మీదనుంచి సముద్రం వైపు పోతుంది. దివిసీమ ఆనాడు కుడి చేతి వైపున ఉంది. పైగా ఇక్కడ సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేచింది. అడ్డం పడటానికి గట్టూ గుట్టా లేని పల్లపు నేల.

ఈ సంగతి ప్రతి పల్లెలోనూ తెలియాలి. తుపాను ఎక్కడో చీరాలలో దాటుతుందట, మనకేమీ కాదులే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. 1990 మే నెలలో ఇదే తీరం మీద మరో భయంకరమైన తుపాను విరుచుకుపడింది. మనుషులను ముందుగానే లక్షకు పైగా తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. వెయ్యి కూడా తక్కువేమీ కాదు. కానీ పది వేలకూ వెయ్యికీ ఉన్న తేడా అంతా ముందు కబురులోనూ, కబురు విని కదలడంలోనూ ఉంది.

తాడు పట్టుకుని స్నానం

కోడూరు మీదుగా హంసలదీవి చేరేసరికి పొద్దు వాలింది. వేణుగోపాలస్వామి గుడి చూసి పాలకాయతిప్ప తీరానికి నడిచారు. నదీ సముద్రాలు కలిసే చోట మునిగిన కాకి హంస అయిందని స్థలపురాణం. ఆ పక్కనే మడ అడవులు. చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు వీటిలో ఉంటాయి. మడచెట్లు అల తాకిడిని కొంత ఆపుతాయని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. వంటచెరకు కోసం వాటిని నరికిన రోజులు ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియనివి కావు.

నీళ్ళలో దిగే ముందు ఉపాధ్యాయులు మోకుతాడు తీశారు. రెండు చివరలా పెద్దవాళ్ళు, మధ్యలో పిల్లలు, మోకాలి లోతు దాటకూడదు. సంగమం దగ్గర నది ఒరవడి, సముద్రం లాగుడు రెండూ ఉంటాయి గనుక అటు పోనివ్వలేదు. పిల్లలకు కొంచెం కోపం వచ్చిన మాట నిజమే. అయినా సెలవు రోజున సరదాగా వచ్చి తీరాల్లో మునిగిపోయిన విద్యార్థుల వార్తలు ఏటా చదివేవారికి ఆ తాడు విలువ తెలుస్తుంది.

బందరు వైపు వెళ్ళలేకపోయారు. దానికి ఇంకో రోజు కావాలి. డచ్చివారి కోట శిథిలాలు, సమాధులు, 1611లో ఇంగ్లీషువారు దిగిన రేవు, చిలకలపూడి పాండురంగడు, మంగినపూడి తీరం అన్నీ అక్కడే ఉన్నాయి. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనకు బందరు చుట్టుపక్కల సుమారు 30 వేల మంది పోయారు. దివిసీమ కథకు అదే మొదటి భాగం. వచ్చే ఏడు ఆ యాత్ర వేయాలని పిల్లలు ఇప్పటినుంచే పట్టుబడుతున్నారు.

ఈ దారిన వెళ్ళదలచినవారు ఘంటసాల మ్యూజియం సెలవు రోజు ముందుగా కనుక్కోవడం మంచిది. మంచినీళ్ళు వెంట తీసుకుపోవాలి. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానాలకు జనం విపరీతంగా వస్తారు గనుక చిన్నపిల్లలతో ఆ రోజు వెళ్ళకపోవడమే మేలు.