మోకాలి నొప్పి తగ్గకపోతే: ఎముక క్యాన్సర్‌ను గుర్తించడం, చికిత్స

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి పనుల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డాయి. సెర్సా స్టేడియం ఉన్న ఈ రైల్వే పట్టణంలో ఆడుకునే పిల్లల మోకాళ్లకు దెబ్బలు మామూలే. అందుకే నొప్పి అనగానే బెణికిందనో, ఎదిగే వయసు నొప్పనో అనుకుంటారు. ఎక్కువసార్లు అది నిజమే. అరుదుగా మాత్రం దాని వెనుక ఎముక క్యాన్సర్ ఉంటుంది.

మూడు ముఖ్య రకాలు

రొమ్ము, ప్రోస్టేట్ వంటి అవయవాల నుంచి ఎముకకు పాకే క్యాన్సర్ వేరు, ఎముకలోనే పుట్టేది వేరు. రెండో దానిలో ఆస్టియోసార్కోమా, ఎవింగ్ సార్కోమా ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో వస్తాయి. కాండ్రోసార్కోమా పెద్దల్లో కనిపిస్తుంది. ఎముక వేగంగా పెరిగే మోకాలి పరిసరాలే ఆస్టియోసార్కోమాకు ప్రధాన స్థానం.

విశ్రాంతి తీసుకున్నా, రాత్రివేళ కూడా వేధించే నొప్పి, వారాలు గడిచినా పెరిగే వాపు, చిన్న దెబ్బకే ఎముక విరగడం హెచ్చరికలు. పసరు కట్లతో, మర్దనతో కాలం గడిపేలోగా కణాలు ఊపిరితిత్తులకు చేరవచ్చు. ముందు ఒక ఎక్స్‌రే తీయించాలి. అనుమానం ఉంటే ఎమ్మారై, బయాప్సీ అవసరం. సూది వెళ్లిన దారిని కూడా తర్వాత కణితితో పాటు తొలగించాలి. కాబట్టి శస్త్రచికిత్స చేసే కేంద్రంలోనే బయాప్సీ చేయించడం మంచిది.

కాలు తీసేయాల్సిందేనా?

1970లకు ముందు ఆస్టియోసార్కోమాకు కాలు తొలగించడమే మార్గం. అయినా ఐదుగురిలో ఒకరే బతికేవారు. కంటికి కనిపించని కణాలు అప్పటికే శరీరంలో పాకి ఉండటమే కారణం. ఆ కణాలను చంపే కీమోథెరపీ వచ్చాక, వ్యాధి పాకకముందే గుర్తించిన వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కోలుకుంటున్నారు.

ఇప్పుడు ముందు కొన్ని విడతల కీమో, తర్వాత శస్త్రచికిత్స, మళ్లీ కీమో ఇస్తారు. చాలామందికి కణితి ఉన్న భాగాన్నే తీసి లోహపు కృత్రిమ ఎముక అమరుస్తారు. మరో పద్ధతిలో, తీసిన ఎముకకు శరీరం బయటే సుమారు 50 గ్రే రేడియేషన్ ఒకేసారి ఇచ్చి, క్యాన్సర్ కణాలు చనిపోయాక తిరిగి అదే చోట అమరుస్తారు. శరీరంలో ఉండగా అంత మోతాదు ఒక్కసారి ఇస్తే చుట్టూ ఉన్న చర్మం, నరాలు తట్టుకోలేవు.

రెండు విడతల కీమోకే వాపు తగ్గితే జబ్బు నయమైనట్టు కాదు. మధ్యలో ఆపితే అది మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఖరగ్‌పూర్ వాసులకు కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ, టాటా మెడికల్ సెంటర్ దగ్గరే. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి నేరుగా రైళ్లున్నాయి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, వెంట వెళ్లేవారికి రైలు చార్జీలో రాయితీ కూడా ఉంది.