ఎదురుగాలిలో ఇద్దరు

"నేను ఎటు వెళితే అటునుంచే గాలి వీస్తుందేమిటి?" సైకిలు తొక్కేవాళ్ళు విసుక్కుంటూ అడిగే ప్రశ్న ఇది. గాలికి మన మీద పగ ఏమీ లేదు. కానీ ఆ విసుగుకు కారణం మాత్రం ఉంది. అదేమిటో చూద్దాం.

నైరుతి రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా ఆషాఢంలో, అనంతపురం ప్రాంతంలో పడమటి గాలి హోరుమని వీస్తుంది. మేఘాలు మోసుకొచ్చే నీరు చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. ఇవతలికి వచ్చేసరికి వాన తక్కువ, గాలి ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది అందుకే. అలాంటి రోజున మీరూ మీ నేస్తమూ అనంతపురం నుంచి తాడిపత్రికి సైకిళ్ళ మీద బయలుదేరారనుకోండి. తాడిపత్రి అనంతపురానికి తూర్పుగా, కాస్త ఈశాన్యానికి మొగ్గి ఉంది. కాబట్టి పోయేటప్పుడు గాలి వీపున తోస్తుంది. వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. "పోయేటప్పటి లాభం, వచ్చేటప్పటి నష్టం చెల్లుకు చెల్లు" అనిపిస్తుంది. నిజంగా చెల్లుతుందా?

లెక్క వేద్దాం

సులువు కోసం దూరం 60 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేనినాడు మీ వేగం గంటకు 15 కిలోమీటర్లు. పోవడానికి 4 గంటలు, రావడానికి 4 గంటలు, మొత్తం 8 గంటలు. గాలి ఉన్ననాడు పోయేటప్పుడు వేగం 20కి పెరిగి, వచ్చేటప్పుడు 10కి తగ్గిందనుకోండి. పోవడానికి 3 గంటలు, రావడానికి 6 గంటలు, మొత్తం 9 గంటలు!

చూశారా! గాలి ఒక గంట ఇచ్చి రెండు గంటలు తీసుకుంది. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం కనుక, దానితో పెనుగులాడే సమయం కూడా పెరుగుతుంది. 3 గంటల్లో వచ్చాం కదా, 3 గంటల్లో తిరిగి పోతాం అనుకున్నవాళ్ళకు సగం దారిలోనే చీకటి పడుతుంది. ఇల్లు ఎప్పుడు చేరాలో అనుకుని, దాన్నిబట్టి తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి.

రెండింతలు కాదు, నాలుగింతలు

ఎదురుగాలి ఇంతగా ఎందుకు అలసట తెప్పిస్తుంది? మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి కూడా అంతే వేగంతో వస్తోందనుకుందాం. మీ ఒంటికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. వేగం రెండింతలైంది కనుక నిరోధం కూడా రెండింతలు అవుతుందనుకుంటాం. కాదు, నాలుగింతలు అవుతుంది! సెకనుకు మీకు తగిలే గాలి రెండింతలు. ఆ గాలి కొట్టే జోరు కూడా రెండింతలు. రెండు రెళ్ళు నాలుగు.

ఈ నిరోధంలో ఎక్కువ భాగం సైకిలు వల్ల కాదు, తొక్కే మనిషి వల్లే వస్తుంది. అందుకే నడుము వంచి, మోచేతులు దగ్గరపెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని తొక్కితే శ్రమ తగ్గుతుంది.

నేస్తం చాటున

ఇంకా మంచి ఉపాయం ఒకటుంది. ముందు పోయే మనిషి గాలిని చీల్చుకుంటూ పోతాడు. అతని వెనుక గాలి సుడులు తిరుగుతూ, అతనితోబాటు కొంత ముందుకు సాగుతుంది. ఆ చాటున తొక్కేవాళ్ళకు గాలి నిరోధం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. ముందున్న మనిషికీ చాలా స్వల్పంగా లాభం ఉంటుంది.

1899లో అమెరికాలో చార్లెస్ మర్ఫీ అనే అతను ఈ సంగతి రుజువు చేశాడు. రైలుపట్టాల మధ్య చెక్కలు పరిపించి, రైలు పెట్టె చాటున సైకిలు తొక్కాడు. ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో దాటాడు. అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగం! మీరు మాత్రం ఏ వాహనం వెనుకా ఇలా పోకూడదు. బండి హఠాత్తుగా ఆగితే ప్రాణాలకే ముప్పు. స్నేహితుల మధ్యనైనా ఒక సైకిలు పొడవు ఎడం ఉంచండి. చాటు కొంత తగ్గినా, బ్రేకు వేయడానికి వ్యవధి దొరుకుతుంది.

మరి ఎప్పుడూ ఒకరే ముందుంటే? ఆ ఒక్కరే అలసిపోతారు, ఇద్దరి ప్రయాణమూ ఆగిపోతుంది. కాబట్టి వంతులు వేసుకోవాలి. వలస పోయే ఒక రకం ఐబిస్ పక్షులు కూడా ఇలా జతలో ముందూ వెనుకా మారుతూ, ఒకదాని రుణం మరొకటి తీర్చుకుంటాయని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇద్దరిలో ఒకరు బలహీనులైతే వారి వంతు కాస్త తగ్గించండి. ఇద్దరూ కలిసి ఇల్లు చేరడమే కదా కావలసింది!

లారీ దాటేటప్పుడు జాగ్రత్త

గాలి కుడిపక్క నుంచి వీస్తే మనకు తెలియకుండానే కుడివైపుకు వాలి తొక్కుతాం. ఆ సమయంలో లారీ కుడివైపు నుంచి మనల్ని దాటితే గాలికి అడ్డుపడుతుంది. ఎదురుతోపు లేక సైకిలు లారీవైపే ఒరుగుతుంది. లారీ వెళ్ళగానే గాలి మళ్ళీ విసురుగా తోస్తుంది. అందుకే లారీ చప్పుడు వినగానే వేగం తగ్గించి, హేండిలు గట్టిగా పట్టుకుని, రోడ్డు అంచుకు జరగాలి.

చేసి చూడండి

పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని ఈ ప్రయోగం చేయండి. ఫ్యాను ఆపి కొవ్వొత్తి వెలిగించండి. దానికి కొద్ది దూరంలో, జ్వాల అంటుకోకుండా, అరచేతి వెడల్పు అట్టముక్కను నిలబెట్టండి. ఇవతలినుంచి అట్ట మీదికి గట్టిగా ఊదండి. జ్వాల అవతలికి కాక, అట్టవైపుకే వంగుతుంది! అట్ట అంచులు దాటిన గాలి సుడి తిరిగి వెనక్కి రావడమే దీనికి కారణం. ఎదురుగాలిలో మీ నేస్తం వీపు వెనుక కూడా ఇలాంటి సుడులే తిరుగుతుంటాయి.