తరంగంబాడి తీరాన

సెలవులలో సముద్రతీరానికి పోవలెనని తోచినప్పుడు పూరీ, మహాబలిపురం, కన్యాకుమారి అనే పేర్లే ముందుగా నాలుక మీదికి వస్తవి. కాని విశ్రాంతి కోరి అక్కడికి వెళ్ళినవాడు జనసమ్మర్దంలో పడి నలిగి, ఇల్లు చేరిన తరువాత గాని విశ్రమించలేడు. అట్టివారికి తగిన చోటు ఒకటి తమిళనాట ఉన్నది. కారైకాల్‌కు కొంచెం ఉత్తరాన, బంగాళాఖాతపు టొడ్డున ఉన్న ఆ చిన్న ఊరి పేరు తరంగంబాడి. ఐరోపావారు దీనిని ట్రాంకిబార్ అన్నారు. అలలు పాడే ఊరని స్థానికులు పేరుకు అర్థం చెప్పుకొంటారు. తరంగ శబ్దం ఎరిగిన తెలుగువానికి దానిని వేరుగా వివరింప నక్కరలేదు.

మద్రాసు మీదుగా రైలులో పోయి మైలాడుదురైలో, అనగా పూర్వపు మాయవరంలో, దిగి అక్కడినుండి సుమారు 30 కిలోమీటర్లు బస్సులో పోవలెను. 1926లో మాయవరం నుండి ఈ ఊరిదాకా రైలు వేసినారు. 1986లో దానిని తీసివేసినారు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు. వేసవి మన వేసవి వంటిదే. కనుక బడిపంతుళ్ళకు, విద్యార్థులకు సంక్రాంతి సెలవులే అనువైనవి.

1792లో కట్టిన తెల్లని కోటవాకిలి దాటగానే రాజవీధి తిన్నగా సముద్రం వైపు సాగుతుంది. ఇరువైపులా పాత చర్చిలు, లావు స్తంభాల మేడలు. చివర ఇసుకపర్రమీద డాన్స్‌బోర్గ్ కోట. ఈ కోట ఎదుట తెలుగువాడు ఒక్క క్షణం ఆగవలెను. 1620లో డెన్మార్కు దేశస్థులకు ఈ చోటు ఇచ్చి, కోట కట్టుకొన ననుమతించినవాడు తంజావూరి రఘునాథ నాయకుడు. తెలుగున కావ్యాలు రచించిన రాజకవి. ఆయన డేనుల రాజుకు బంగారు రేకుమీద పంపిన లేఖ నేటికీ డెన్మార్కు పత్రభాండాగారంలో భద్రంగా ఉన్నది. 225 ఏండ్లు ఇక్కడ ఉండి, 1845లో డేనులు ఈ ఊరిని, వంగదేశంలోని శ్రీరాంపూరును కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్ల కంపెనీకి అమ్మివేసినారు. ఆ వెనుక నాగపట్టణానికి రైలు వచ్చినది. వర్తకం అటు మళ్ళినది. ఇక్కడికి ఓడల రాక తగ్గి, ఊరు ఎక్కడిదక్కడ నిలిచిపోయినది. నేడు యాత్రికుడు ఎంతగానో మెచ్చుకొనే ఆ నిశ్శబ్దానికి మూలం ఒక రేవు చితికిపోవడమే.

కాని ఊరి పేరు చిరస్థాయిగా నిలిపినది వర్తకం కాదు, బడి. 1706 జూలైలో 24 ఏండ్లైనా నిండని జర్మను మతబోధకుడు బర్తలోమ్యూస్ జీగెన్‌బాల్గ్ ఇక్కడ ఓడ దిగినాడు. తమిళం ఒక్క ముక్క రాదు. వీధిబడి పంతులును పిల్లలతో సహా తన ఇంటికి రప్పించుకొని, ఆ పసివారి నడుమ తానూ చతికిలబడి, ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దినాడు. ఇప్పటికీ ఆ తీరాన ఇసుకమీద ఏదో గీస్తూ కూర్చున్న పిల్లలను చూచినప్పుడు ఈ సంగతి గుర్తుకు రాక మానదు. కోటలోని డేను అధికారితో సరిపడక 1708లో చెరసాలకు పోయి, నాలుగు నెలలు గడిపినాడు. విడుదలైన తరువాత అచ్చుయంత్రం తెప్పించినాడు. హాలే నగరంలో పోతపోసిన తమిళ అక్షరాలు మరీ పెద్దవై కాగితం చాలకపోగా, చిన్న అక్షరాలను ఇక్కడనే పోయించినారు. 1715 నాటికి తమిళంలో క్రొత్త నిబంధన అచ్చయినది. 1716లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాల కూడా వెలసినది. 1719లో, 36వ ఏట ఆయన కన్నుమూసినాడు. సమాధి రాజవీధిలోని న్యూ జెరూసలెం చర్చిలో ఉన్నది.

ఆయన పోయిన ఏడే వచ్చిన బెంజమిన్ షుల్ట్‌జే తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చినాడు. హాలేలో 1746-47 సంవత్సరాలలో ఆయన వేయించిన చిన్న పుస్తకాలే తెలుగున తొలి అచ్చుపుస్తకాలని చరిత్రకారులు చెప్పుదురు. మన పాఠ్యపుస్తకాల వంశవృక్షానికి వేళ్ళు వెదకబోతే, ఒక వేరు ఈ ఇసుకలోనే తగులుతుంది.

సాయంకాలం కోట నీడ ఒడ్డుమీదికి సాగినప్పుడు గాలి చల్లగా, హాయిగా ఉంటుంది. ఈత మాత్రం తగదు. ఒడ్డున రాళ్ళున్నవి, అలలు లాగివేస్తవి. కోటకు ఉత్తరాన 14వ శతాబ్దారంభంలో పాండ్యుల కాలాన వెలసిన మాసిలామణినాథర్ ఆలయం ఉన్నది. దాని ముందు భాగాన్ని సముద్రం చాలవరకు కబళించినది. మిగిలినదానిని కాపాడుటకు బండరాళ్ళు పేర్చినారు. ఆ అలల పాటకు మైమరచినవారు 2004 డిసెంబరు 26ను మరువరాదు. ఆ ఉదయం వచ్చిన సునామీలో ఇక్కడి బెస్తపల్లె ఎందరినో పోగొట్టుకొన్నది. మనం సేదదీరవచ్చిన ఇసుక వారికి జీవనాధారం, శ్మశానం కూడా.

బ్రతికినవారిలో చాలమందికి కడలికి దూరంగా ఇండ్లు కట్టి ఇచ్చినారు. కాని పడవలను, వలలను దూరం తీసుకొనిపోలేరు కదా! తెల్లవారకముందే వారు ఆ దూరమంతా నడచి మళ్ళీ ఒడ్డుకు వస్తారు.